వెల్ష్‌లో "నా అభిప్రాయం ఏంటంటే" అని చెప్పడం ఎలా? (వేల్స్‌లో ఉన్నవాళ్లు కాస్త ఆదుకోండి)

కార్డిఫ్ కొత్తావిడ | జనవరి 13, రాత్రి 9.42

అందరికీ నమస్కారం. మేం బ్రిటన్‌లో వేల్స్ రాజధాని కార్డిఫ్ వచ్చి మూడేళ్లయింది. ఇక్కడ ఏ ప్రభుత్వ బడిలో చదివినా 16 ఏళ్లు వచ్చేదాకా పిల్లలకి ఈ ప్రాంతం భాష వెల్ష్ తప్పనిసరి. మావాడికి వచ్చే ఏడు మౌఖిక పరీక్ష ఉంది. జట్టుగా కూర్చుని ఏదో ఒక విషయం మీద అభిప్రాయాలు చెప్పుకోవాలట, ఎందుకో కారణం కూడా చెప్పాలట. వాడికి తోడుగా ఉంటుందని నేనూ మంగళవారం సాయంత్రం క్లాసులో చేరాను.

రంగులు, అంకెలు, వానలు, గాలులు దాకా బాగానే నడిచింది. మొన్న టీచరమ్మ రగ్బీ మ్యాచ్ ఫొటో చూపించి "బెత్ యు ద వార్న్ ది?" అంది. నీ అభిప్రాయం ఏంటి అని. నాకు తట్టింది "దా ఇయాన్", అంటే చాలా బాగుంది. తర్వాత కిక్కిరిసిన బస్సు ఫొటో. దా ఇయాన్. ముసురు పట్టిన సముద్రం ఒడ్డు. దా ఇయాన్. క్లాసంతా ఒకటే నవ్వు.

ఊళ్లో మా అపార్ట్‌మెంటు సంఘం మీటింగుల్లో నన్ను కూర్చోబెట్టడానికి ముగ్గురు కావాల్సి వచ్చేది. అలాంటిదాన్ని ఇక్కడ అన్నిటికీ తలూపే కోడలిలా తయారయ్యాను. వాక్యాలు కంఠస్థం చేస్తే నోటికి రావడం లేదు. ఎవరైనా మన పద్ధతిలో చెప్పరూ?

---

స్వాన్సీ సిస్టర్ | జనవరి 13, రాత్రి 11.05

అమ్మా, నేను నర్సుని, పదకొండేళ్లుగా ఈ పడమటి వైపే ఉద్యోగం. నేనూ "దా ఇయాన్" దశ దాటినదాన్నే. నొప్పి ఎలా ఉందని పేషెంటు చెబితే "దా ఇయాన్" అన్నాను ఒకసారి. ఆయన పెద్దమనిషి కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

ముందు మూడు మాటలు పట్టుకో, చాలు. "ద్విన్ మెధుల్ బోద్" అంటే "అనుకుంటున్నాను". "అన్ వ మార్న్ ఈ" అంటే "నా ఉద్దేశంలో", ఇది కాస్త సభలో మాట్లాడినట్టుంటుంది. మూడోది "అఖోస్", ఎందుకంటే. పరీక్షలో మీవాడికి మార్కులు ఆ అఖోస్ దగ్గరే. బాగుంది అంటే సరిపోదు, అఖోస్ అని ఏదో ఒకటి తగిలించాలి.

కాదనడానికి పుస్తకంలో "దువీ ధిమ్ అన్ మెధుల్" అని ఉంటుంది. మా వైపు అలా ఎవరూ అనరు. "సైన్ మెధుల్" అంటారు, అంతే. నేను అనుకోను. బజార్లో రోజూ వినబడేది ఇదే. ఇష్టమైతే "ద్విన్ దులీ అర్", పిచ్చి ఇష్టం అన్నట్టు. నచ్చకపోతే "దివ్లాస్", విసుగు. మరీ నచ్చకపోతే "ఓవ్నాదుయ్", ఘోరం. ఈ రెండూ మొహం పెట్టి అనాలి. మొహం లేకుండా అంటే ఎవరూ నమ్మరు.

(ధ అని రాసినచోట మన ధ కాదు, నాలుక పళ్లకి తాకీ తాకనట్టు మెత్తగా పలకాలి. ఖ అంటే ఉర్దూవాళ్ల ఖ.)

---

వ్యాకరణం మాస్టారు | జనవరి 14, ఉదయం 6.20

కొత్తావిడ గారూ, నేను విశాఖలో ఉంటాను, వేల్స్ గడ్డ మీద కాలు పెట్టలేదు. రిటైరయ్యాక కాలక్షేపానికి ఈ భాష పట్టుకున్నాను. ఒక్క సలహా ఇస్తాను: ఇంగ్లిషులోంచి వెల్ష్‌లోకి వెళ్లకండి. తెలుగులోంచి తిన్నగా వెళ్లండి. దగ్గర దారి.

ఇంగ్లిషువాడు అన్నిటికీ తానే కర్త. నేను ఇష్టపడతాను, నేను భయపడతాను, నేను కారు కలిగి ఉన్నాను. మనం అలా అంటామా? నాకు ఇష్టం. నాకు భయం. నా దగ్గర కారు ఉంది. వెల్ష్‌వాడిదీ సరిగ్గా ఇదే ధోరణి. "మై కార్ ద వీ": నా దగ్గర కారు ఉంది. "మై ఓవ్న్ అర్న ఈ": భయం నా మీద ఉంది, అంటే నాకు భయం. "మై అన్నుయ్ద్ అర్న ఈ": నాకు జలుబు. "మై సన్యాద్ ద వీ": నాకో ఆలోచన ఉంది. ఇక అభిప్రాయాలకు వస్తే, "మైన్ వెహ్ల్ ద వీ" అంటే నాకు ఇదే మేలు, ఇదే ఎక్కువ ఇష్టం. "స్దిమ్ ఓట్స్ ద వీ": నాకేం పట్టింపు లేదు. ఉత్తరాన "ద వీ" బదులు "గెన్ ఈ" అంటారు. "మైన్ గాస్ గెన్ ఈ": నాకు అసహ్యం.

ఇంకో సంగతి. వెల్ష్‌లో అవును, కాదు అనే ఒక్క మాట అన్నిచోట్లా పనికిరాదు. ప్రశ్నలో ఉన్న క్రియనే తిరిగి అప్పజెప్పాలి. ఇంగ్లిషు పిల్లలు దీనికి కన్నీళ్లు పెట్టుకుంటారు. "అన్నం తిన్నావా?" అంటే "తిన్నాను" అనే మనకు ఇదో లెక్కా? "ఉయ్త్ తీన్ కతీనో?" (ఒప్పుకుంటావా?) అంటే "అదు" (ఒప్పుకుంటాను) లేదా "నాక్ అదు".

మీ టీచరమ్మ "ద వార్న్" అంటే సిస్టర్ గారు "వ మార్న్" అన్నారు. కంగారు పడకండి, రెండూ ఒకే మాట. అసలు మాట "బార్న్". "నీ" ముందుంటే బ కాస్తా వ అవుతుంది, "నా" ముందుంటే మ అవుతుంది. మనకు గసడదవాదేశం లేదూ? వాడు ప్లస్ పోయె, వాడువోయె. క గ అవుతుంది, త ద అవుతుంది. వాళ్లకీ క గ, త ద. మీ ఊరి పేరే చూడండి. వెల్ష్‌లో "కైర్‌దీధ్", స్వాగతం బోర్డు మీద మాత్రం "క్రోయ్సో ఈ గైర్‌దీధ్". చిన్నయసూరి చూసుంటే మురిసిపోయేవాడు.

ఆ "బార్న్" అన్న మాటకు తీర్పు అనే అర్థం కూడా ఉంది. జడ్జిని "బార్నుర్" అంటారు. అభిప్రాయం చెప్పేవాడూ, తీర్పు చెప్పేవాడూ ఒకే ధాతువులోంచి పుట్టారన్నమాట.

---

చేపలపులుసు | జనవరి 14, మధ్యాహ్నం 1.15

మాస్టారికి దండం. కానీ ఒక మొరటు ప్రశ్న. నేను ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటా, సొంతూరు భీమవరం. అక్కడ వెల్ష్ వచ్చినవాళ్లందరికీ ఇంగ్లిషు వచ్చు కదా. చంటిపిల్లల్ని పక్కన పెడితే వెల్ష్ మాత్రమే వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడా? మరి అభిప్రాయం ఇంగ్లిషులో చెబితే పోయేదేంటి? ప్రతి కాగితం రెండుసార్లు అచ్చేయడం, ప్రతి బోర్డూ రెండు భాషల్లో రాయడం ఎవడి డబ్బు? అక్కా, నీ కొడుక్కి ఆ టైములో కోడింగ్ నేర్పు.

---

అబెరస్తుయిత్ అబ్బాయి | జనవరి 14, సాయంత్రం 7.50

చేపలపులుసు అన్నా, "పోయేదేంటి" అని అడిగావు కదా. పోయినవాళ్ల కథ చెప్తా. నేనిక్కడ పీహెచ్‌డీ చేస్తున్నా, సబ్జెక్టు వేరే, కానీ ఈ ఊళ్లో ఉంటే ఈ కథలు చెవిలో పడకుండా ఉండవు.

1536 చట్టంతో వేల్స్ కోర్టుల్లో ఇంగ్లిషే భాష అయింది. అప్పటి జనంలో అత్యధికులకి ఇంగ్లిషు రాదు. తన మీద కేసేంటో తనకే తెలియని ముద్దాయిని ఊహించుకో. అలా నాలుగు వందల ఏళ్లు. 1936లో హ్లీన్ ప్రాంతంలో పెనబెర్త్ అనే చోట బాంబింగ్ శిక్షణ కేంద్రం కడుతుంటే ముగ్గురు దానికి నిప్పు పెట్టి, నేరుగా పోలీస్ స్టేషనుకెళ్లి మేమే పెట్టాం అని చెప్పారు: సాండర్స్ లూయిస్, లూయిస్ వాలెంటైన్, డి.జె. విలియమ్స్. ఒక అధ్యాపకుడు, ఒక మతబోధకుడు, ఒక బడిపంతులు. కైర్నార్వన్‌లో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. కేసుని లండన్ ఓల్డ్ బెయిలీకి మార్చి, తొమ్మిది నెలలు జైలు వేశారు. సొంత భాషలో జవాబు చెప్పుకోనివ్వలేదన్న కోపం జనంలో రగిలింది. సంతకాల ఉద్యమం నడిచింది, 1942లో ఒక చట్టం వచ్చింది. అదీ ఎలాంటిది? ఇంగ్లిషులో మాట్లాడితే నీకు నష్టం అయ్యేలా ఉంటేనే వెల్ష్‌లో మాట్లాడనిస్తాం అని. సరిగ్గా నీ వాదన అన్నా ఇది: ఇంగ్లిషు వచ్చుగా, నోరు మూసుకో అని. ఎవరైనా సరే వేల్స్ కోర్టులో వెల్ష్ మాట్లాడొచ్చని 1967 చట్టం అన్నది. అధికార హోదా అయితే 2011 దాకా రాలేదు.

నాకు వీటన్నిటికంటే నచ్చేది బీస్లీ దంపతుల కథ. హ్లనెహ్లి దగ్గర హ్లంగెనెఖ్ అనే ఊరు. ఐలీన్ టీచరు, ట్రెవోర్ బొగ్గుగని కార్మికుడు. 1952లో ఇంటిపన్ను నోటీసు వస్తే, వెల్ష్‌లో పంపితే కడతాం అన్నారు. డబ్బు లేక కాదు. ఎనిమిదేళ్లు. పదిసార్లకు పైగా కోర్టుకెక్కించారు. జప్తువాళ్లు వచ్చి సామాన్లు పట్టుకుపోయారు, పియానోతో సహా. 1960లో రెండు భాషల్లో నోటీసు వచ్చింది. ఒక్క కాగితం! నువ్వు "రెండుసార్లు అచ్చేయడం" అన్నావే, ఆ రెండోసారి వెనక ఒక పియానో ఉందన్నా.

1962 ఫిబ్రవరి 13న సాండర్స్ లూయిస్ రేడియోలో ప్రసంగం చేశాడు, పేరు "తంగెద్ అర్ ఇయైత్", భాష తలరాత. అందులో చూపించిన ఉదాహరణ ఈ దంపతులదే. ఆ ఏడే భాషా సంఘం పుట్టింది. మరుసటి ఏడు ఫిబ్రవరి 2న మా ఊరి ట్రెవెఖన్ వంతెన మీద కుర్రాళ్లు అడ్డంగా కూర్చున్నారు. వాళ్ల డిమాండ్ కోర్టు సమన్లు వెల్ష్‌లో ఇవ్వమని. రోజూ ఆ వంతెన మీంచే నేను కూరగాయలు తెచ్చుకుంటా.

---

ఓరుగల్లు పిల్ల | జనవరి 14, రాత్రి 8.31

తమ్మీ, పియానో ముచ్చట సదివినంక గొంతుల అన్నం దిగలే.

నేను హైదరాబాద్‌ల ఒక ప్రైవేటు బడిల తెలుగు చెప్త. 2018 చట్టం వచ్చినంక తెలంగాణల పదో తరగతి దాకా అందరికి తెలుగు ఉండాలె. ఉన్నది. పుస్తకం ఉన్నది, పీరియడ్ ఉన్నది, మార్కులు గూడ మస్తుగ వస్తయ్. గని "ఈ కథ మీద నీ అభిప్రాయం చెప్పు బిడ్డా" అంటే లేచి నిలవడి "టీచర్, ఐ ఫీల్ లైక్, ఆ క్యారెక్టర్ కొంచెం టాక్సిక్" అంటడు. ఇంట్ల అమ్మతోని తెలుగే మాట్లాడుతడు. ఆకలి తెలుగుల చెప్తడు, అలక తెలుగుల చెప్తడు. అభిప్రాయం అనంగనే "ఐ ఫీల్ లైక్" వస్తది. అంటే వాని నెత్తిల తెలుగు అన్నానికి, ఇంగ్లిష్ తెలివికి.

అక్కా, నీ "దా ఇయాన్" నా క్లాసుల "సూపర్ టీచర్" లెక్కనే ఉన్నది. నవ్వకు మరి.

---

చేపలపులుసు | జనవరి 14, రాత్రి 10.02

సరే, పియానో దగ్గర నేను ఓడిపోయా. మా తాతయ్య భూమి తగాదా తీర్పు కాగితం ఇంగ్లిషులో వస్తే, చదివించుకోడానికి పక్కూరి ప్లీడరు దగ్గరికి సైకిలేసుకుని వెళ్లేవాడని మా నాన్న చెప్పేవాడు. గెలిచాడో ఓడాడో తెలుసుకోడానికి ఎనిమిది మైళ్లు. ఇప్పటికీ మన హైకోర్టుల్లో రాజ్యాంగం 348వ అధికరణం పుణ్యమా అని ఇంగ్లిషే. 2023లో తెలంగాణ హైకోర్టు తొలిసారి తెలుగులో తీర్పిస్తే అదే పెద్ద వార్తయింది. ఎనిమిది కోట్ల పైచిలుకు మందిమి ఉండీ.

కానీ నా ప్రశ్న పోలేదు. హక్కు ఉండటం వేరు, వాడటం వేరు. ఎంతమంది మాట్లాడుతున్నారు అసలు?

---

అబెరస్తుయిత్ అబ్బాయి | జనవరి 14, రాత్రి 10.40

ఇది మాత్రం సూటి ప్రశ్న. 1911లో జనాభాలో 43.5 శాతం. 2021లో 17.8 శాతం, అంటే సుమారు 5 లక్షల 38 వేల మంది. అంతకు ముందు పదేళ్లలో కూడా తగ్గారు. 2050 నాటికి పది లక్షలు చేస్తామని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఊరూరికీ తేడా. గ్వినెధ్‌లో 64.4 శాతం, అక్క ఉండే కార్డిఫ్‌లో 12.2. అంటే గ్వినెధ్‌లో బస్సు డ్రైవరుతో కూడా వెల్ష్‌లో దెబ్బలాడొచ్చు, కార్డిఫ్‌లో దెబ్బలాడే మనిషిని వెతుక్కోవాలి.

---

అడ్మిన్ | జనవరి 14, రాత్రి 10.55

దెబ్బలాటకి మనిషి కావాలంటే ఈ వేదికలో బోలెడుమంది ఉన్నారు. తెలుగు మీడియం, ఇంగ్లిషు మీడియం గొడవకి వేరే దారం ఉంది, అటు వెళ్లండి. ఇక్కడ కొత్తావిడ గారి ప్రశ్న పక్కకి పోకుండా చూడండి.

---

కార్డిఫ్ కొత్తావిడ | జనవరి 21, రాత్రి 9.15

వారం రోజులు అందరి మాటలూ మళ్లీ మళ్లీ చదివాను. మాస్టారూ, "నాకు ఇష్టం" చిట్కా బ్రహ్మాండంగా పనిచేసింది. టీ, కాఫీల్లో ఏది అంటే తడుముకోకుండా "మైన్ వెహ్ల్ ద వీ గోఫీ" అన్నాను. కోఫీ గోఫీ అయిందని టీచరమ్మ వాళ్లాయనకి కూడా చెప్పుకుని ఉంటుంది, అంత సంబరపడింది.

ఇప్పుడు కొత్త చిక్కు. సినిమా బాగుందనుకుంటున్నాను అని మావాడు హోంవర్కులో "ద్విన్ మెధుల్ మై అర్ ఫిల్మ్ అన్ ధా" అని రాశాడు. టీచరు "మై" కొట్టేసి "బోద్" పెట్టింది. "మై" అంటే ఉంది కదా. సినిమా బాగుంది, అనుకుంటున్నాను. తప్పేముంది?

---

వ్యాకరణం మాస్టారు | జనవరి 22, ఉదయం 6.05

మీరు "సినిమా బాగుంది అనుకుంటున్నాను" అన్నారు చూశారా, అందులో "అని" దాక్కుని ఉంది. బాగుంది ప్లస్ అని. మనకు ఆ "అని" వాక్యం చివర వస్తుంది, మొత్తాన్ని మూటగట్టి ముడేస్తుంది. వాళ్లకు ఆ ముడి ముందే పడుతుంది. అదే "బోద్". అర్థం "ఉండటం". "అనుకుంటున్నాను, ఉండటం సినిమా బాగా" అన్నది వాళ్ల వరస. "బోద్" వచ్చిందంటే "మై" పని అయిపోయినట్టే, రెండూ కలిసి ఉండవు.

చిక్కు ఎక్కడంటే, "మై" అని పలికే మాటలు రెండున్నాయి. ఒకటి "ఉంది". రెండోది "ఫలానాదే" అని నొక్కి చెప్పేటప్పుడు వచ్చే ముడి. టీ బాగుంటుందని అనుకుంటున్నాను అంటే "బోద్". బాగుండేది టీయేనని అనుకుంటున్నాను అంటే రెండో "మై". రాతలో ఒక అక్షరం తేడా, చెవికి తేడా లేదు. పుట్టు వెల్ష్‌వాళ్లు కూడా రాసేటప్పుడు తడబడతారు. మీవాడిని తిట్టకండి.

---

స్వాన్సీ సిస్టర్ | జనవరి 22, మధ్యాహ్నం 2.30

మాస్టారూ, మా దక్షిణాన ఆ రెండో "మై" బాధే లేదు. మేం "తౌ" అంటాం. "తౌ" అన్నామంటే ఇక తికమక ఉండదు. అబ్బాయికి "తౌ" నేర్పమ్మా.

---

వ్యాకరణం మాస్టారు | జనవరి 22, సాయంత్రం 5.10

సిస్టర్ గారూ, పరీక్షలో రెండూ చెల్లుతాయి, నిజమే. అయినా పుస్తకాల్లో ఎక్కువగా కనబడేది "మై" కదా అని నా బాధ.

---

స్వాన్సీ సిస్టర్ | జనవరి 22, సాయంత్రం 5.14

పుస్తకంతో టీ తాగుతామా మాస్టారూ? "సైన్ కతీనో!" (ఒప్పుకోను!)

---

వ్యాకరణం మాస్టారు | జనవరి 22, సాయంత్రం 5.31

గిడుగు రామమూర్తి గారి ఊరి పక్కన పుట్టి నేనే గ్రాంథికం వైపు నిలబడ్డాను. బుద్ధొచ్చింది. తౌ.

---

ఫౌజీ బాబాయ్ | జనవరి 23, ఉదయం 10.20

ఒక పక్కదారి మాట, అడ్మిన్ గారు క్షమించాలి. సర్వీసులో ఉండగా షిల్లాంగ్‌లో మూడేళ్లున్నాను. ఖాసీవాళ్లు ఒక సభలో లేచి నిలబడి పాట పాడారు, వాళ్ల జాతిగీతం. ఏళ్ల తర్వాత టీవీలో వేల్స్ రగ్బీ మ్యాచ్ చూస్తుంటే వేల్స్ జాతిగీతంగా అదే బాణీ వినబడింది! ఆరా తీస్తే, థామస్ జోన్స్ అనే వెల్ష్ మిషనరీ 1841లో చిరపుంజి వచ్చి ఖాసీ భాషకి రోమన్ లిపిలో రాత కుదిర్చాడట. ఆ దారినే బాణీ కూడా వచ్చి చేరింది. సొంత ఊళ్లో భాషకి కోర్టులో చోటు లేని మనిషి, ఇక్కడికొచ్చి ఇంకొకరి భాషని రాతకెక్కించాడు.

---

స్వాన్సీ సిస్టర్ | ఫిబ్రవరి 4, రాత్రి 11.48

చేపలపులుసు గారు "హక్కు ఉండటం వేరు, వాడటం వేరు" అన్నది నన్ను వదల్లేదు. డ్యూటీ దిగొచ్చి రాస్తున్నా.

కొన్నేళ్ల క్రితం మా పక్క పల్లెలో చిన్న బడి మూసేద్దామా వద్దా అని సభ పెట్టారు. ఇక్కడ ప్రభుత్వ సంస్థలు జనాభిప్రాయం అడిగితే వెల్ష్‌లో కూడా చెప్పనివ్వాలి, ఆ నిర్ణయం వల్ల వెల్ష్ మీద ఏం ప్రభావం పడుతుందో కూడా అడగాలి, అది నియమం. నా స్నేహితురాలి పిల్లలు ఆ బడే కాబట్టి తోడుగా వెళ్లాను.

గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టెలో హెడ్‌ఫోన్లు. వెల్ష్ రానివాళ్లు ఒకటి తీసుకోవాలి. వెనక మూల అనువాదకురాలు చిన్న మైకులో గుసగుసగా ఇంగ్లిషు చెబుతూ ఉంటుంది. అంటే హాల్లో ఎవరికి భాష వచ్చో ఎవరికి రాదో తలలు చూస్తే తెలిసిపోతుంది. నాకు అప్పటికి ముక్కాలు మువ్వీసం వచ్చు, అయినా భయానికి ఒకటి తగిలించుకున్నా.

డెబ్బై ఏళ్ల రైతు ఒకాయన లేచాడు. చేతులు కట్టుకుని, "అన్ వ మార్న్ ఈ" అని మొదలెట్టాడు. మా నాన్న ఈ బడే, నేను ఈ బడే, నా మనవరాలు ఈ బడే అంటూ మధ్యలో గొర్రెల మీద ఏదో చతురు విసిరాడు. సగం హాలు పగలబడి నవ్వింది. మూడు సెకన్లాగి హెడ్‌ఫోన్ల సగం నవ్వింది. నవ్వు రెండు వాయిదాల్లో రావడం నేనెప్పుడూ చూళ్లేదు. ఆ మొదటి నవ్వులో ఉండాలనిపించి హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నా.

వేదిక మీదున్న అధికారి ఇంగ్లిషులో జవాబిచ్చి, ఎదురు ప్రశ్న వేశాడు. పెద్దాయన మర్యాదకి ఇంగ్లిషులోకి మారాడు. మంచి ఇంగ్లిషే. కానీ కట్టుకున్న చేతులు జేబుల్లోకి వెళ్లాయి. రెండు వాక్యాలు మాట్లాడి, "అంతే, ఏదో చెప్పాలనిపించింది" అని కూర్చున్నాడు. వెల్ష్‌లో పది నిమిషాలు తీర్పు చెప్పిన మనిషి. అధికారి తప్పేం లేదు, ఆయనకి భాష రాదు. కానీ అన్నా, ఇంగ్లిషు వచ్చుగా పోయేదేంటి అని నువ్వడిగావు చూడు, ఆ జేబులే నాకు గుర్తొచ్చాయి.

కొత్తావిడా, నీకు కూడా ఇదే జరుగుతుంది, చూసుకో. నువ్వు తడబడగానే ఎదుటివాళ్లు జాలిపడి ఇంగ్లిషులోకి మారిపోతారు. వాళ్లది మంచితనమే. నువ్వు మాత్రం మారకు. నెమ్మదిగానైనా "ఎమ్..." అని సాగదీస్తూ వెల్ష్‌లోనే ఉండు. ఆలోచించుకోడానికి "వహ్లె" (ఏమో, కావచ్చు), "మైన్ దిబన్ని" (అది పరిస్థితిని బట్టి) అని రెండు మాటలు జేబులో వేసుకో. ఎదుటివాడిని నొప్పించకుండా కాదనాలంటే ముందు "ఖ్వారే తేగ్" అను. న్యాయంగా చెప్పాలంటే, పాపం, అన్నట్టు. ఆ తర్వాత ఏం తిట్టినా చెల్లుతుంది.

---

చేపలపులుసు | ఫిబ్రవరి 5, ఉదయం 8.10

సిస్టర్, బడి ఉందా మూసేశారా?

---

స్వాన్సీ సిస్టర్ | ఫిబ్రవరి 5, రాత్రి 9.00

మూసేశారు.

---

ఓరుగల్లు పిల్ల | ఫిబ్రవరి 6, సాయంత్రం 6.45

మీ ముచ్చట సదివి నేనొక పని వెట్టిన. వారానికొక రోజు క్లాసుల "ఐ ఫీల్" అన్నోళ్లు బోర్డు మీద గీత గీయాలె. మొదటి రోజు నలభై మూడు గీతలు, అండ్ల నాలుగు నాయే. "నాకేమనిపిస్తదంటే" అని మొదలువెట్టుమన్న. ఒక పోరడు అడిగిండు, "టీచర్, అనిపిస్తది అంటే ఎవరు అనిపిస్తున్నరు?" మాస్టారూ, దీనికి జవాబు మీరే చెప్పాలె.

---

వ్యాకరణం మాస్టారు | ఫిబ్రవరి 7, ఉదయం 6.12

ఆ పిల్లవాడికి నా తరఫున ఒక చాక్లెట్ ఇప్పించండి. జవాబు నా దగ్గర లేదు. వెల్ష్‌వాడిని అడిగినా, ఆలోచన తన దగ్గర ఉంది అంటాడే గాని ఎవరు పెట్టి వెళ్లారో చెప్పడు.

---

కార్డిఫ్ కొత్తావిడ | మార్చి 2, రాత్రి 10.20

నిన్న మార్చి 1, వీళ్ల దెవీ సెయింటు పండగ. మా క్లాసులో వంతులవారీగా వంటకాలు తెచ్చుకుంటున్నాం. టీచరమ్మ పెద్ద గిన్నెతో "కౌల్" తెచ్చింది. గొర్రె మాంసం, లీక్ అని ఉల్లికాడల పెద్దన్నలాంటిది, బంగాళాదుంపలు వేసి గంటల తరబడి మరిగించే పులుసు. పులుసు అన్నాను గాని పులుపూ లేదు, కారమూ లేదు. అందరూ గిన్నెలు పట్టుకుని "బెందిగెదిగ్", "హ్యఫ్రద్" అంటూ పొగుడుతున్నారు. ఆవిడ నా దగ్గరికొచ్చి అడిగింది, "బెత్ యు ద వార్న్ ది?"

నోటిదాకా "దా ఇయాన్" వచ్చింది. మింగేశాను. గరిట కింద పెట్టి, లోపల తెలుగులో ఒకసారి అనుకున్నాను: పులుసుకి ఉప్పు కావాలనుకుంటున్నాను. ముడి ముందుకి జరపాలి. "ఖ్వారే తేగ్..." అన్నాను ముందు, సిస్టర్ చెప్పినట్టు. తర్వాత:

"ద్విన్ మెధుల్ బోద్ అంగెన్ హాలెన్ అర్ అ కౌల్."

గదిలో చెంచాల చప్పుడు ఆగింది. ఇంగ్లిషులోకి మారుతుందేమోనని గుండె దడదడ. ఆవిడ నడుం మీద చేతులేసుకుని, "సైన్ కతీనో!" అంది. వెల్ష్‌లోనే! పామ్, పామ్, ఎందుకు, ఎందుకు అని. నేను "అఖోస్..." అని ఆగిపోయాను. కారణం చెప్పేంత మాటలు లేవు. పక్కనున్న ముసలాయన ఉప్పు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, "ద్విన్ కతీనో ఆ హీ", నేను ఈ కొత్తావిడతో ఏకీభవిస్తున్నాను అన్నాడు. ఇంకో ఇద్దరు చేతులెత్తారు. ఇరవై నిమిషాలు ఉప్పు మీద చర్చ, ఒక్క ఇంగ్లిషు ముక్క లేకుండా. నాకు సగమే అర్థమైంది. దెబ్బలాట మాత్రం పూర్తిగా నాదే.

మావాడికి చెబితే "అమ్మా, టీచరుతో అలా అన్నావా" అని తలపట్టుకున్నాడు.

వచ్చే మంగళవారం నా వంతు. గోంగూర పచ్చడి పట్టుకెళ్తున్నాను. వాళ్ల అభిప్రాయాలు వినడానికి ముందే ఒక మాట కావాలి సిస్టర్: "మంచినీళ్లు అటు ఉన్నాయి" అని వెల్ష్‌లో ఎలా అనాలి?